అడంగల్ వెనుక పుటలు చూడనివ్వాలి

2024 జులై 21, ఆదివారం రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచాయి. తెల్లారేసరికి భూముల ఫైళ్లు బూడిదయ్యాయి. మర్నాడు రాష్ట్ర డీజీపీయే వచ్చి చూసి, ఇది ప్రమాదంలా లేదన్నారు. దర్యాప్తు సీఐడీ చేతికి వెళ్లింది, కొందరు అధికారులు సస్పెండయ్యారు. రిజిస్ట్రేషన్లు ఆపే 22-ఏ నిషేధిత జాబితా నుంచి బయటపడిన భూములు, ఫ్రీహోల్డ్ పొందిన అసైన్డ్ భూములు ఎవరెవరి పేరు మీదికి చేరాయన్న అనుమానాలు ఆ రాత్రి నుంచి ముసురుకున్నాయి.

తనకల్లుకు అది దూరపు వార్త కాదు. కదిరి నుంచి మదనపల్లెకు పోయే 42వ జాతీయ రహదారి ఈ మండలం మీదుగానే సాగుతుంది. ఇక్కడి టమోటా ముళకలచెరువు, మదనపల్లె మార్కెట్లకు ఎక్కుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల గీతలు మారి తనకల్లు శ్రీ సత్యసాయి జిల్లాలోకి, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయినా రెండు వైపులా భూమి ఒకటే రకం, భూమి కాగితాల తిప్పలూ ఒకటే రకం. ప్రభుత్వం అసైన్ చేసిన డీకేటీ పట్టాలు, తాతల నాటి పేర్లు, భాగాలు పంచుకున్నా ఎక్కని మ్యుటేషన్లు.

ఈ మెట్టనేల మీద కాగితం బరువు ఎక్కువ. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అదీ ఒక పద్ధతిగా పడదు. శెనక్కాయ విత్తాక ఆగస్టులో వాన మొహం చాటేస్తే చేను కళ్లముందే ఎండిపోతుంది. అప్పుడు రైతుకు దక్కాల్సిందేదైనా కాగితం దారినే రావాలి. పంటల బీమా, ఇన్‌పుట్ సబ్సిడీ, బ్యాంకులో రుణం రీషెడ్యూలు, ఏడాదికి 6 వేల పీఎం కిసాన్, అన్నిటికీ మూలం సాగు లెక్క రాసే అడంగల్‌లో, హక్కుల లెక్క రాసే వన్‌బీలో ఉన్న ఒక్క వరుస. దగ్గరలోని నంబులపూలకుంటలో సోలార్ పార్కు వచ్చి, 2016లో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల ప్లాంటు నడవడం మొదలైంది. అలాంటి ప్రాజెక్టు ఊరికి వచ్చిన ప్రతిసారీ పట్టా చేతిలో ఉన్నవాడి బేరం ఒకలా, సాగు తప్ప కాగితం లేనివాడి బతుకు మరోలా తేలుతుంది. ఆ వరుసలో ఎవరి పేరుంది, ఎప్పటి నుంచి ఉంది అన్నది ఇక్కడ అన్నం సంగతి.

ఫైలు కాలితే ఏమైంది, కంప్యూటర్‌లో ఉందిగా అనేవాళ్లుంటారు. ఉంది, నిజమే. రిజిస్ట్రేషన్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడంలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు వరుసలో నిలిచింది. 1998లో వచ్చిన ‘కార్డ్’ పథకం అప్పట్లో పెద్ద మాట. 2015లో మీభూమి పోర్టల్ వచ్చాక అడంగల్ కోసం కరణం వారసుల గుమ్మాల ముందు నిలబడే రోజులు పోయాయి. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్ల ఈసీని, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌ను, ఇంట్లో కూర్చొని వెతుక్కోవచ్చు. ఇవన్నీ మెచ్చుకోవాల్సినవే.

కాని ఈసీలో కనిపించేది రిజిస్టరైన దస్తావేజు. తహసీల్దారు ఉత్తర్వుతో పేరు మారడం, ఒక సర్వే నంబరు 22-ఏలోకి పోవడం, అక్కడి నుంచి బయటికి రావడం, విస్తీర్ణం సవరించడం వంటివి రెవెన్యూ శాఖ కంప్యూటర్ వ్యవస్థ అయిన వెబ్‌ల్యాండ్ లోపల జరుగుతాయి. మీభూమిలో తెరిచిన అడంగల్ ఈ పూట ఆ వరుస ఎలా ఉందో చెబుతుంది. నిన్న అదే గడిలో ఏముందో, ఏ లాగిన్‌తో మారిందో, ఏ ఉత్తర్వు నంబరు చూసి మార్చారో ఆ పుట మీద ఉండదు. మీసేవలో తీసుకున్న కాగితం మీద డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం ‘ఈ రోజు మా దగ్గర ఇలా ఉంది’ అని ఒప్పుకోవడం వరకే. వెబ్‌ల్యాండ్‌లో పేర్లు రాత్రికి రాత్రి మారిపోయాయన్న ఫిర్యాదులు రాయలసీమ పత్రికల జిల్లా పేజీలకు కొత్త కాదు. అలాంటి రైతు అర్జీ పట్టుకుని అధికారుల దగ్గరికి పోతే ముందు అడిగేది, ‘ఇంతకు ముందు నీ పేరే ఉందనడానికి ఆధారమేది?’ అని. ఆధారం పాత కాగితం. అది చెదలు తినకుండా, ఇల్లు కురవకుండా ఉంటే ఉన్నట్టు.

సరిగ్గా ఈ జబ్బుకే బ్లాక్‌చైన్ మందు అన్నారు పాలకులు. 2016 చివర్లో విశాఖలో ఫిన్‌టెక్ వ్యాలీ మొదలైంది. 2017 అక్టోబరులో స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థ ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల కోసం పనిచేస్తామని ప్రకటించింది. హైదరాబాద్ సంస్థ జెబీ డేటా అమరావతి రాజధాని ప్రాంత రికార్డుల మీద పనికి దిగింది. తెలంగాణ 2018లో టెక్ మహీంద్రాతో కలిసి బ్లాక్‌చైన్ డిస్ట్రిక్ట్ అంది. చిట్‌ఫండ్ల లెక్కలను టీ-చిట్స్ పేరుతో బ్లాక్‌చైన్ మీదికి తెచ్చింది. కేంద్రం 2024 సెప్టెంబరు 4న ‘విశ్వస్య’ పేరుతో జాతీయ బ్లాక్‌చైన్ వేదికను ప్రారంభించింది. దాని యంత్రాలు భువనేశ్వర్, పుణె, హైదరాబాద్ ఎన్‌ఐసీ డేటా సెంటర్లలో ఉన్నాయి.

ఈ ప్రకటనలన్నిటా మాటలు రాసే వైపు గురించే. ఎంత భద్రంగా రాస్తాం, ఎవరూ చెరపలేకుండా ఎలా రాస్తాం, ఎన్ని లక్షల రికార్డులు ఎక్కిస్తాం. రాసినదాన్ని తనకల్లు రైతు ఎలా చదువుతాడు? తన సర్వే నంబరు వెనుక చరిత్రను ఎవరి అనుమతీ అడగకుండా ఎలా వెతుక్కుంటాడు? ఆ ప్రశ్నకు జవాబు లేకుండా ఎంత పెద్ద చైన్ కట్టినా రైతుకు ఒరిగేది సున్నా. ఈ వ్యాసం పట్టుబట్టేది ఆ చదివే వైపు గురించే.

ఆర్భాటం తీసేస్తే బ్లాక్‌చైన్ ఒక చిట్టా. చేర్చడమే ఉంటుంది, కొట్టివేతలు ఉండవు. ప్రతి పుటకూ గణితంతో తీసిన ఒక హాష్ ఉంటుంది, అది ఆ పుట వేలిముద్ర. పుటలో ఒక్క అక్షరం మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. ప్రతి కొత్త పుట మీదా ముందు పుట ముద్ర ఉంటుంది కాబట్టి పాత పుటను దొంగతనంగా దిద్దితే ఆ తర్వాతివన్నీ పొసగకుండా పోతాయి. 2009 జనవరి 3 నాటి బిట్‌కాయిన్ మొదటి బ్లాకును ఇవాళ ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూడవచ్చు. 2015 జులై 30న మొదలైన ఈథీరియంలోనూ అంతే.

చూడటానికి మామూలు వెబ్ డెవలపర్ వాడే సాధనమే లైబ్రరీ. వెబ్3.జేఎస్, ఈథర్స్.జేఎస్ అలాంటివి. చైన్‌తో మాట్లాడే గొడవంతా ముందే రాసిపెట్టిన జావాస్క్రిప్ట్ కోడ్ కట్ట ఇది. లావాదేవీ హాష్ ఒకటి, సున్నా ఎక్స్ తర్వాత 64 అక్షరాలది, దానికి ఇస్తే నాలుగు వరుసల కోడ్‌తో జవాబు వస్తుంది. ఎవరు పంపారు, ఎవరికి, ఎంత, ఏ బ్లాకులో చేరింది, సఫలమైందా విఫలమైందా, ఆ తర్వాత ఎన్ని బ్లాకులు పడ్డాయి. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలుగు కుర్రాడు, అనంతపురం జేఎన్‌టీయూలో మూడో ఏడాది చదివే అమ్మాయి, ఇద్దరికీ ఒకే జవాబు. లాగిన్ అక్కర్లేదు, రుసుము లేదు, దరఖాస్తు లేదు. బ్లాక్‌చైన్‌కు లోకంలో కాస్తో కూస్తో నమ్మకం వచ్చిందంటే ఈ చదివే స్వేచ్ఛ వల్లనే. ఎవరైనా తనిఖీ చేయగలరన్న భయం లేకపోతే చెరపలేని చిట్టా అన్న మాటకు అర్థం ఉండదు.

ప్రభుత్వాలు కట్టేవి మాత్రం అనుమతి ఉన్నవాళ్లకే తెరుచుకునే చైన్లు. రాసే అనుమతి అధికారికే ఉండాలి, అందులో తప్పు లేదు. తహసీల్దారు కాకుండా దారిన పోయేవాడు మ్యుటేషన్ చేయకూడదు. చదవడానికీ శాఖ అనుమతే కావాలంటే, యంత్రాలన్నీ ఒకే శాఖ గదిలో ఉంటే, అది వెబ్‌ల్యాండ్‌కే కొత్త పేరు. మూడు నగరాల్లో మూడు నకళ్లున్నా మూడూ ఒకే సంస్థ చేతిలో ఉంటే నలుగురి సాక్ష్యం అనిపించుకోదు.

చదివే వైపు తెరిస్తే ఏమవుతుందో చెప్పే అనుభవాలు ఇతర చోట్ల ఉన్నాయి. 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సంస్థలోకి చొరబాటుదారులు దూరి గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. వెబ్‌సైటు అసలుదా నకిలీదా తేల్చే ధ్రువపత్రాలు అవి. ఆ దెబ్బ తర్వాత గూగుల్ ఇంజినీర్లు సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ అనే పద్ధతి తెచ్చారు, 2013లో దానికి ప్రమాణ పత్రం వచ్చింది. జారీ అయ్యే ప్రతి సర్టిఫికెట్‌నూ చేర్చడమే తప్ప తీయడం లేని బహిరంగ చిట్టాలో వేయాలి, ఎవరైనా వెతకవచ్చు. 2018 నుంచి ఆ చిట్టాలో లేని కొత్త సర్టిఫికెట్లను క్రోమ్ బ్రౌజర్ నమ్మడం మానేసింది. ఒక సంస్థ తన వెబ్‌సైటు పేరు మీద ఎక్కడైనా దొంగ పత్రం పుట్టిందేమో తనే చూసుకోగలదు. ఇందులో క్రిప్టో కరెన్సీ లేదు, నాణేల జూదం లేదు. చిట్టా ఉంది, వెతికే సౌకర్యం ఉంది, అంతే. తనకల్లు రైతుకు కావలసింది కూడా ఇంతే: తన సర్వే నంబరు మీద తనకు తెలియకుండా ఏదైనా పుట్టిందా అని చూసుకోగలగడం.

జార్జియా దేశం 2016లో బిట్‌ఫ్యూరీ సంస్థతో ఒప్పందం చేసుకుని భూమి హక్కు పత్రాల హాష్‌లను బిట్‌కాయిన్ చైన్‌కు ముడివేసింది. పత్రాలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి, ముద్రలు మాత్రం ప్రభుత్వం కూడా చెరపలేని చోట ఉన్నాయి. ఆ ముద్రతో పోల్చి చూసుకుంటే పత్రం మారిందో లేదో తెలిసిపోతుంది.

ఇంకా పాత ఉదాహరణ ఈ పత్రిక చదివేవారికి మరింత దగ్గరది. 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు డిజిటల్ పత్రానికి తేదీ ముద్ర వేయడమెలాగో రాశారు. బిట్‌కాయిన్ మూల పత్రం వాళ్ల రచనలను ఉదహరించింది. వాళ్ల సంస్థ ష్యూరిటీ 1995 నుంచి తన చిట్టా హాష్‌ను న్యూయార్క్ టైమ్స్ చిన్న ప్రకటనల్లో వారం వారం అచ్చు వేయించింది. అచ్చయి లక్షల ఇళ్లకు చేరిన అంకెను ఎవరూ వెనక్కి తీసుకుని మార్చలేరు. అదే పని శ్రీ సత్యసాయి జిల్లా భూరికార్డులకు ఎందుకు చేయకూడదు? వారానికి ఒకసారి జిల్లా మొత్తం రికార్డుల ఉమ్మడి హాష్, 64 అక్షరాలు, తెలుగు పత్రికల జిల్లా పేజీలో ఒక మూల. ప్రతి గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద మరొకటి. మెర్కిల్ చెట్టు అనే లెక్క ప్రకారం ఆ ఒక్క అంకె కిందికే ప్రతి సర్వే నంబరూ వస్తుంది. ఒక రైతు వరుసకు రుజువు చూపించడానికి మిగతా రైతుల వివరాలు బయటపెట్టనక్కర్లేదు. ఇరవై ముప్పై హాష్‌లు చాలు. ఫైళ్లు కాలినా, సర్వరు కూలినా, ప్రభుత్వాలు మారినా పాత పేపరు గుజరీలోనైనా దొరుకుతుంది.

ఇక్కడి నుంచి లైబ్రరీ రాసేవాళ్ల పని మొదలవుతుంది. పైకి చిన్నగా కనిపించే నిర్ణయాలే రైతును నిలబెడతాయి, లేదా పడగొడతాయి.

మొదటిది, ‘దొరకలేదు’ అన్న జవాబు. ఈథర్స్ లాంటి లైబ్రరీలో లావాదేవీ రసీదు అడిగితే, అది ఇంకా బ్లాకులో చేరకపోయినా ‘నల్’ అనే ఖాళీ జవాబే, అసలు అలాంటి లావాదేవీ లేకపోయినా అదే ఖాళీ. డెవలపర్‌కు దాని వెనుక సంగతి తెలుసు, మళ్లీ అడుగుతాడు. భూమి విషయంలో ఈ రెండిటినీ కలిపితే ఘోరం. సర్వరు పలకకపోవడం వేరు. సర్వే నంబరు తప్పు కొట్టడం వేరు. రికార్డు ఇంకా చైన్‌లోకి ఎక్కకపోవడం వేరు. ఎక్కినదానికీ చేతిలో కాగితానికీ పొసగకపోవడం పూర్తిగా వేరు. చివరిది మోసానికి సూచన కావచ్చు, మిగతా మూడూ కావు. సచివాలయం కౌంటరులో నాలుగింటికీ తెర మీద ఒకే ఎర్ర అక్షరాలు వస్తే, రైతు తన భూమి పోయిందనుకుని అప్పు చేసి లాయరు దగ్గరికి పరిగెడతాడు. కాబట్టి ఈ లైబ్రరీ నాలుగు జవాబులను నాలుగు తెలుగు వాక్యాలుగా ఇవ్వాలి, ప్రతిదాని కింద తర్వాత ఏం చేయాలో రాయాలి. ఇది అలంకారం కాదు, లైబ్రరీకి ఇదే ప్రాణం.

రెండోది, తెలుగు అక్షరాల పేచీ. హాష్‌కు అర్థంతో పని లేదు, బైట్లతోనే పని. రామ్‌మోహన్ అని రాసేటప్పుడు మ్ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తును కీబోర్డు వేస్తుంది, ఒత్తుగా మారకుండా ఆపడానికి. ఒక ఆపరేటరు ఆ గుర్తు వేసి, మరో ఆపరేటరు వేయకుండా కొడితే మనిషి ఒకడే, హాష్‌లు రెండు. సర్వే నంబరు 214-2 అని ఒకచోట, 214/2 అని మరోచోట, 214-2ఏ అని ఇంకోచోట. రెండున్నర ఎకరాలు ఒక కాగితంలో 2.50, మరోదాంట్లో 2.5. పేరు చివర ఒక ఖాళీ ఎక్కువ పడినా అంతే సంగతులు. ఏమీ మారని రికార్డును మారినట్టు చూపించే లైబ్రరీ కొన్ని నెలల్లో నమ్మకం పోగొట్టుకుంటుంది, ఆ తర్వాత నిజంగా మార్చినప్పుడు అది అరిచినా ఎవరూ వినరు. అందుకే హాష్ తీసే ముందు ప్రతి గడినీ ఒకే రూపంలోకి తెచ్చే నియమావళి కావాలి. ఖాళీలు, అంకెలు, కనిపించని గుర్తులు, ఉపవిభాగాల అక్షరాలు, అన్నిటికీ కలిపి. ఆ నియమావళిని బహిరంగంగా ప్రచురించాలి. తెలుగు యూనికోడ్ తెలిసినవాళ్లు, రెవెన్యూ లెక్కలు తెలిసిన పాత వీఆర్వోలు ఒకే బల్ల దగ్గర కూర్చుని రాయాల్సిన పత్రమిది. బెంగళూరులోనో స్టాక్‌హోమ్‌లోనో కూర్చున్న సంస్థకు టెండరు ఇస్తే రాదు.

మూడోది గోప్యత. చైన్‌లోకి ఆధార్ నంబరు, ఫోను నంబరు పోకూడదు, హాష్ మాత్రమే పోవాలి. అదీ చాలదు. ఒక గ్రామంలో సర్వే నంబర్లు కొన్ని వందలే, పేర్లు కూడా లెక్కపెట్టగలిగినన్నే. ఉత్త హాష్ ఉంటే కంప్యూటర్ అన్ని జతలనూ వరసగా ప్రయత్నించి ఏ హాష్ ఎవరిదో కాసేపట్లో చెప్పేస్తుంది. ప్రతి రికార్డుకూ ఒక పొడవాటి యాదృచ్ఛిక సంఖ్య కలిపి హాష్ తీయాలి, ఆ సంఖ్యను రైతు పాసు పుస్తకం క్యూఆర్ కోడ్‌లో ఇవ్వాలి. అప్పుడు తన రికార్డు తను తనిఖీ చేసుకోవచ్చు, రుణం ఇచ్చే బ్యాంకుకు చూపించవచ్చు. దారిన పోయే బ్రోకరుకు మాత్రం అంకెలు తప్ప ఏమీ కనపడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉన్న దేశంలో ఇది ఐచ్ఛికం కాదు.

లైబ్రరీ ఎవరిని అడుగుతుందన్నదీ అంతే ముఖ్యం. 2020 నవంబరు 11న ఇన్‌ఫ్యూరా అనే సంస్థ యంత్రాలు తప్పు దారి పట్టాయి. ఈథీరియం చైన్ నడుస్తూనే ఉంది, కాని వేల యాప్‌లు చైన్‌ను ఆ ఒక్క సంస్థ ద్వారానే చదువుతున్నందున వాటికి అది ఆగిపోయినట్టే కనిపించింది, బినాన్స్ లాంటి ఎక్స్ఛేంజీలు ఈథర్ విత్‌డ్రాలు ఆపేశాయి. భూమి లైబ్రరీ కనీసం మూడు వేర్వేరు చోట్ల అడగాలి. రెవెన్యూ శాఖ ఒకటి. జిల్లా కోర్టు ఒకటి కావచ్చు. అనంతపురం జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల్లో నకలు పెట్టవచ్చు. ముగ్గురి జవాబు ఒకటైతేనే ఆకుపచ్చ గుర్తు రావాలి. సర్వరు ఇచ్చిన జవాబును గుడ్డిగా నమ్మకుండా రుజువు హాష్‌లను రైతు ఫోన్‌లోనే లెక్కకట్టి చూడాలి. ఆ లెక్క చౌక ఫోను కూడా క్షణంలో చేస్తుంది. సిగ్నలు సరిగా అందని గ్రామాల కోసం క్యూఆర్‌లోనే రుజువు పెట్టి, పేపర్లో అచ్చయిన అంకెతో నెట్ లేకుండా పోల్చే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది.

భద్రత గురించి ఒక హెచ్చరిక. 2024 డిసెంబరులో సొలానా చైన్‌ను చదవడానికి, రాయడానికి డెవలపర్లు వాడే వెబ్3.జేఎస్ లైబ్రరీ రెండు వెర్షన్లలోకి దొంగలు కోడ్ చొప్పించారు. దాన్ని దించుకున్న యాప్‌ల నుంచి రహస్య తాళాలు బయటికి పోయాయి. కొన్ని గంటల్లో పట్టుకున్నారు గాని జరగాల్సిన నష్టం జరిగింది. చదివే లైబ్రరీకి రాసే తాళం ఎప్పుడూ తెలియకూడదన్నది అక్కడి పాఠం. భూమి విషయంలో తహసీల్దారు సంతకం చేసే కోడ్ ఒక కట్ట, రైతు వెతికే కోడ్ మరో కట్టగా ఉండాలి, రెండిటికీ చుట్టరికం ఉండకూడదు. ఇంకో సంగతి, ఈథీరియం తొలినాళ్ల నుంచి వాడుకలో ఉన్న అసలు వెబ్3.జేఎస్‌ను చూసుకుంటున్న సంస్థ 2025 మార్చిలో దాని నిర్వహణకు స్వస్తి చెప్పింది. ప్రపంచమంతా వాడినదానికే ఆ గతి పట్టింది. భూమి తరతరాల ఆస్తి, కాబట్టి లైబ్రరీ కోడ్ బహిరంగంగా ఉండాలి, బాగోగులకు ఏటా బడ్జెట్‌లో పద్దు ఉండాలి. ప్రారంభోత్సవానికి కోట్లు పెట్టి, మూడో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్‌కు డబ్బుల్లేవనే అలవాటు ఈ విషయంలో పనికిరాదు.

చైన్ వల్ల కానివి ఏమిటో కూడా నిజాయితీగా చెప్పాలి. ముందే తప్పుగా ఉన్న రికార్డును ఎక్కిస్తే ఆ తప్పు భద్రమవుతుంది. చుక్కల భూములే చూడండి. బ్రిటిష్ కాలం రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లలో యజమాని గడిలో పేరు రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కల వల్ల తరాలుగా దున్నుకుంటున్న రైతులు అమ్ముకోలేక, తనఖా పెట్టుకోలేక నలిగారు. 2017లో వాటి కోసం ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. 2023లో రెండు లక్షల ఎకరాలకు పైగా నిషేధిత జాబితా నుంచి తీసినట్టు అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. ఒక గుమాస్తా వందేళ్ల కిందట పెట్టిన చుక్కకే ఇంత కథ. కౌలు రైతు పేరు వన్‌బీలో ఉండదు, చైన్‌లోనూ ఉండదు. గెనుము జరిపిన పక్క చేను వాడి సంగతి హాష్ చెప్పదు, సర్వేయరే చెప్పాలి. చరిత్ర కనపడటం వల్ల తప్పు ఎప్పుడు దూరిందో తెలుస్తుంది, ఎవరిని అడగాలో తెలుస్తుంది. అర్జీతో పోయిన రైతుకు ఆ రెండూ దొరకడం చిన్న విషయం కాదు.

భూమి రికార్డుల్లో ప్రజల నమ్మకం ఎంత పలచబడిందో రాష్ట్ర ల్యాండ్ టైటిలింగ్ చట్టం చరిత్రే చెబుతుంది. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చిన ఆ చట్టం మీద న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు, ఎన్నికల్లో అదే పెద్ద చర్చ అయింది, 2024లో కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే రద్దు చేసింది. చట్టంలో మంచి చెడ్డలు నిపుణులు వాదించుకోవచ్చు. ఊళ్లో మాత్రం జనం భయం సూటిగా ఉంది: రికార్డు ఆఫీసువాడి చేతిలో ఉంటుంది, మార్చినా మాకు తెలియదు. పాసు పుస్తకం మీద ఎవరి బొమ్మ ఉండాలన్న గొడవ రాజముద్రతో తీరింది. లోపలి వరుస ఎవరు మార్చారన్న గొడవ అలాగే ఉంది. రెండు పార్టీల ప్రభుత్వాలూ రీసర్వే మీద, పుస్తకాల మీద ఖర్చుపెట్టాయి. చరిత్రను జనం చేతికి ఇవ్వడానికి మాత్రం ఏదీ ముందుకు రాలేదు.

పని ఒక మండలంతో మొదలుపెట్టవచ్చు, ఆ మండలం తనకల్లు అయితే అన్ని రకాల చిక్కులూ ఒకేచోట ఎదురవుతాయి: డీకేటీ, 22-ఏ, వారసత్వ మ్యుటేషన్లు, జిల్లా సరిహద్దు. ఇవాళ్టి వన్‌బీ ఎలా ఉందో అలా ముద్ర వేసి, అక్కడి నుంచి జరిగే ప్రతి మార్పునూ ఉత్తర్వు నంబరు, తేదీ, హోదాతో చిట్టాలో చేర్చాలి. సర్వే నంబరు మీద మార్పు జరిగిన వెంటనే పట్టాదారు ఫోనుకు తెలుగులో మెసేజి వెళ్లాలి. చదివే లైబ్రరీని కంపెనీకి కట్టబెట్టకుండా విశ్వవిద్యాలయాల విద్యార్థులకు, స్వచ్ఛందంగా ముందుకొచ్చే ప్రవాస తెలుగు డెవలపర్లకు తెరిచి పెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం కింద రికార్డును సరిగా నిర్వహించాల్సిన బాధ్యత రెవెన్యూ శాఖకు ఇప్పటికే ఉంది, ఎన్‌ఐసీ యంత్రాలు హైదరాబాద్‌లో ఇప్పటికే తిరుగుతున్నాయి. కావలసింది ఒక ఉత్తర్వు. అందులో రికార్డు రూపం, హాష్ తీసే నియమాలు, వారం వారం అచ్చు వేయించే బాధ్యత ఏ అధికారిదో పేర్కొనాలి. వచ్చే ఖరీఫ్‌లో శెనక్కాయ విత్తనాల పంపిణీకి రైతులు అడంగళ్లు పట్టుకుని వరస కట్టేలోపు ఆ ఉత్తర్వు వెలువడాలి.